తరంగపురి తెల్లని తెరలు

తూర్పు కడలి ఒడ్డున తరంగపురి అనే నగరం ఉండేది. ఓడలు తెచ్చిన సిరి ఒక ఎత్తు, ఆ ఊరి ప్రదర్శనశాలలు ఒక ఎత్తు. ఒక శాలలో పాత ఓడలు, ఒక శాలలో పూర్వరాజుల నాణేలు, కడపటి శాలలో అద్దకపు తెరలు. వసంతంలో తలుపులు తెరిస్తే దేశదేశాలవారు వచ్చి, చూసి, అచ్చెరువుతో మళ్ళేవారు.

ఒక వసంతంలో వెళ్ళినవారు మళ్ళలేదు. క్షారుడనే ఉప్పురక్కసుడు సముద్రం విడిచి తెరల శాలలో కాపురం పెట్టాడు. లోపలికి వచ్చినవారి మీద పటికనీళ్ళు చల్లేవాడు. వారు బొమ్మలై తెరలకు అంటుకుపోయేవారు. వెతకబోయిన సైనికులు బొమ్మలయ్యారు. సైనికులను వెతకబోయిన యువరాజూ బొమ్మయ్యాడు. రాజు కోట తలుపులు మూసుకుని ఏడ్చాడు. అంతకు మించి ఆయనకు చేతనైనది లేదు.

ఆ ఊరి రంగులవాడలో లకుమ అనే పిల్ల ఉండేది. తల్లీతండ్రీ లేని ఆమెకు అక్క నీలాంబే అన్నీ. అద్దిన తెరను శాలలో అప్పగించి వస్తానని వెళ్ళిన నీలాంబ తిరిగి రాలేదు. లకుమ వాకిట నిలబడి చూసింది. పొద్దు వాలింది, మళ్ళీ పొడిచింది. కూడు సహించలేదు, కునుకు పట్టలేదు. చివరకు పని మధ్యలో లేచి, దంచుతున్న చిరివేరు పొడిని చెంగున ముడి వేసుకుని శాలల వైపు నడిచింది. ఎర్రరంగునిచ్చే వేరు అది. దాన్ని ఎందుకు తీసుకుందో, తాను ఏం చేయగలదో ఆమెకే తెలియదు. ఊరకే ఉండలేకపోయింది, అంతే.

ఓడల శాలలో, ఒక నావ ముక్కున చెక్కిన, సింహం మొగపు కొయ్య యాళి కళ్ళు తెరిచింది.

"ఎవరే నువ్వు? ఉఫ్ అంటే ఎగిరిపోయేలా ఉన్నావు!"

"లకుమను తాతా. మా అక్క కోసం వచ్చాను."

"ఈ గడప దాటినవారికి వెనుదారి ఉండదు పిల్లా. ఆ కట్టడి నాది కాదు, ఆ రక్కసుడిది. కొయ్యముక్కను, నేనేం చేయను?"

"దారి ఉన్నా అక్క లేకుండా ఎక్కడికి పోను తాతా?"

యాళి నిట్టూర్చి తొలగింది. ఆమె దాటగానే వెనుక తలుపు గోడగా మారింది.

నాణేల శాలలో, బంగారు నాణెం మీది ముసలి రాణి తల తిప్పింది. "గతాన్ని చూడవచ్చినవారు తమ గతంలో కొంత ఇక్కడ విడిచిపోవాలి. నీకు అన్నిటికంటే ఇష్టమైన ముఖాన్ని ఇచ్చి వెళ్ళు."

"కంఠం ఇస్తానమ్మా! కాళ్ళిస్తాను! ముఖం మాత్రం వద్దు."

"నాణేనికి కాళ్ళెందుకే తల్లీ? నేనూ వాడి బందీనే. ఇవ్వందే తలుపు కదలదు."

లకుమ చాలాసేపు తలుపును తోసింది, గుద్దింది, బతిమాలింది. చివరకు కళ్ళు మూసుకుని సరే అంది. అక్క పేరు మిగిలింది, అరచేతి వెచ్చదనం మిగిలింది. ముఖం మాత్రం మనసులోంచి కరిగిపోయింది.

కడపటి శాలలో తెరలన్నీ తెల్లగా వేలాడుతున్నాయి. ఒక్క గీత లేదు, ఒక్క బొమ్మ లేదు. మధ్యన క్షారుడు కూర్చుని పళ్ళికిలించాడు.

"ఆలస్యంగా వచ్చావే! బొమ్మలు చూసీ చూసీ విసుగెత్తి సముద్రంలో ముంచి జాడించేశాను. అన్నీ నాలాగే తెల్లబడ్డాయి. మీ అక్క కోసమట కదా, ఏ తెరో చెప్పు, మడతపెట్టి ఇస్తాను!"

లకుమ కూలబడింది. చేతికందిన తెరను ముఖానికి అదుముకుని ఏడ్చింది. బట్ట పెదవికి తగిలి నాలుక ముడుచుకుంది. వగరు. పటిక వగరు!

ఆమె ఏడుపు ఆగింది. రంగులవాడలో బట్టకు పటిక పట్టించాక పారే నీటిలో జాడిస్తారు. అప్పుడది తెల్లగానే కనిపిస్తుంది. కానీ నూలు లోపలికి పట్టిన పటిక పోదు, ఎరుపు కోసం కాచుకుని ఉంటుంది. రక్కసుడు బొమ్మలను చెరపలేదు. తెలియక రంగులవాడ పనిలో సగం చేసిపెట్టాడు.

"అయ్యా, మా వాడలో తెల్లబట్టను అలాగే వదలరు. రంగులో ఉడికించి సాగనంపుతారు. ఆ ఒక్కటీ చేసుకోనివ్వండి."

"చావుకు వంటా? కానీయ్, నాకూ పొద్దుపోతుంది!" అంటూ వాడే నిప్పు రాజేశాడు.

ఆ శాల మూలనే ప్రదర్శనకు పెట్టిన నావికుల గంగాళంలో లకుమ నడవ తొట్టిలోని వాననీరు నింపి, చెంగుముడి విప్పింది. పొడి గుప్పెడే ఉంది. ఒక్క తెరకైతే నిండుగా పడుతుంది. ఆ ఒక్కటీ అక్కది కాకపోతే? అన్నీ వేస్తే రంగు పలచబడి ఎవరూ లేవకపోతే? అడగడానికి ఎవరూ లేరు. తెరలన్నీ గంగాళంలో వేసింది. ఆత్రంలో చేతులతోనే కలిపింది. వేళ్ళు బొబ్బలెక్కాయి. బట్టలు తెల్లగానే ఉన్నాయి.

"ఉడికిందా కూర?" అని క్షారుడు వెక్కిరించాడు.

అప్పుడొక గాజు మెరిసింది, గులాబీ రంగులో. ఒక పెదవి. ఒక తలపాగా అంచు. పాలిపోయిన మనుషులు ఒకరి చేయి ఒకరు పట్టుకుని గంగాళంలోంచి దిగసాగారు. యువరాజు దిగాడు, సైనికులు దిగారు.

"ఆ పటిక నాది! నా బలమంతా అందులోనే ఉంది!" అని రక్కసుడు అరిచాడు.

"రంగు పట్టాక అది రంగుదే అయ్యా," అంది లకుమ.

వాడు ఉప్పుకుప్పగా రాలిపోయాడు. గోడలు మళ్ళీ తలుపులయ్యాయి, కెరటం లోపలికి వచ్చి ఆ కుప్పను తుడిచిపెట్టింది.

కానీ లకుమ ఇంకా గంగాళం దగ్గరే నిలబడింది. దిగిన ప్రతి ఆడమనిషినీ చూసింది. ఎవరు అక్కో తెలియలేదు. అందరూ కొత్తవారే. ఇంతలో ఒకామె వచ్చి ఆమె చేతులు లాక్కుంది.

"ఇలా కాల్చుకున్నావేమే మొద్దూ? కలపడానికి కర్రే దొరకలేదూ? అన్నమైనా తిన్నావా?"

ముఖం తెలియదు. ఆ తిట్టు తెలుసు. లకుమ ఆమె మెడను కావలించుకుని భోరుమంది.

రాజు శాలల పాలన అక్కచెల్లెళ్ళకు అప్పగించాడు. మరుసటి వసంతంలో తలుపులు తెరుచుకున్నాయి. వచ్చినవారు ఓడలు చూశారు, నాణేలు చూశారు, తెరలు చూశారు. లకుమ మాత్రం అక్క ముఖాన్ని చూస్తూ నిలబడింది, తొలిసారి చూస్తున్నట్టు, ఎంత చూసినా తనివి తీరనట్టు.