పన్నెండో రోజు తప్పిన సెకను

"మన సెట్లలో పరాయివాళ్లు చెయ్యి పెట్టారు. ఆ ద్రోహి పేరు సాయంత్రంలోగా నా బల్ల మీదుండాలి, ధనరాజూ."

నిఘా విభాగం చీఫ్ గణపతిరావు, కలవాల్సిన మనిషి ఫోటో ఒకటి విసిరాడు. రాజకుమారి. నల్లకళ్లద్దాలు, పట్టుచీర. డబుల్ ఏజెంట్.

సెట్టంటే వేటబోటు సరిహద్దు గీతకి దగ్గరైతే అలారం కొట్టే పెట్టె. పోయినేడు ఒక బోటులో అది మోగలేదు. ఐదుగురు పరాయి దేశం జైల్లో పడ్డారు. వాళ్లలో ధనరాజు మావ జగన్నాధం ఒకడు. తాగి దాటారని రాసి ఫైలు మూశారు. దాని మీద ధనరాజు కూడా సంతకం పెట్టాడు. ఇవాళ మావ కొడుకు లక్ష్ముడు ఏడుగురితో వేటలో ఉన్నాడు. పన్నెండో రోజు.

నౌపడ ఉప్పుమడుల గట్టు. ధనరాజుది ఉప్పు బేరగాడి వేషం. టిఫిన్ క్యారేజీ అడుగు గిన్నెలో శాటిలైట్ ఫోన్.

"తూకం తగ్గిందా?"

"తడి ఆరింది," అంది రాజకుమారి. కోడ్ సరిపోయింది.

"మా ప్రోగ్రాంలో ఏ లైను మార్చారు?"

"మావాళ్లు ఒక్కటీ మార్చలేదు. చదివారు, అంతే. మీ గడియారం సెకనులో పదో వంతు చొప్పున కూడుకుంటూ పోతుంది. కంప్యూటర్ వాడే సున్నా-ఒకట్ల బైనరీ లెక్కలో పదో వంతు తెగదు, అంకెల తోక మిగులుతుంది. ప్రతిసారీ మీవాళ్లు ఆ తోక కోసేశారు. సెట్టు ఆపి ఆన్ చేస్తే లెక్క సున్నాకొస్తుంది. పన్నెండు రోజులు ఆపకపోతే ఒక సెకను తప్పు. సెట్టుకి చోటు చెప్పే శాటిలైట్ ఆ సెకనులో నాలుగు కిలోమీటర్లు జరుగుతుంది. బోటెక్కడుందో సెట్టుకే తెలీదు. మావాళ్ల గస్తీ ఓడ గీత అవతల కాచుకునుంది. లక్ష్ముణ్ణి పట్టుకుని గూఢచారని టీవీలో చూపిస్తారు. గీత దాటడానికి ఇంకో పది నిమిషాలే."

"టెస్టుల్లో ఎప్పుడూ తప్పలేదే!"

"టెస్టులు ఆఫీసులో కదా. ఐదింటికి స్విచ్చాపి ఇళ్లకెళ్తారు."

ఆ లైను రాసింది ధనరాజే. వేటకెళ్లే ఇంట పుట్టి మరీ! సెట్టుకి దండేసి, కొబ్బరికాయ కొట్టి ఆన్ చేస్తే ఒడ్డెక్కేదాకా ఆర్పరని తనకి తెలీదా? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఆ దొంగే దొంగని పట్టుకోడానికి బయల్దేరాడు.

ఫోన్ తీశాడు. "ఒరే లక్ష్ముడూ! సెట్టు ఆపి మళ్లీ ఆన్ సెయ్యిరా!"

"ఏటి బావా, మతుండే మాటాడతన్నావా? గంగమ్మకి మొక్కిన సెట్టు. నడిసంద్రంలో ఆర్పితే ఇంటికి సేటు."

"గీత ఎంత దూరం సూపిస్తన్నాది?"

"నాలుగు కిలోమీటర్లు. ఎదర ఏదో పెద్ద ఓడ ఉన్నాది."

"ఆ నాలుగూ అబద్ధంరా! తప్పు అమ్మోరిది కాదు, మీ అయ్యది కాదు. ఆ గడియారం రాసినోణ్ణి నేనే. పాపం నా నెత్తినెయ్యి. ఆర్పు!"

ఫోన్లో గాలి హోరు మధ్య స్విచ్చు ఒక టక్కు, ఇంకో టక్కు. అలారం గోల పెట్టింది.

"బావా! యాభై గజాలే!"

"తిప్పరా!"

బోటు తిరిగింది. గస్తీ ఓడ ఉత్తచేతుల్తో నిలబడిపోయింది.

సాయంత్రం నివేదికలో ద్రోహి పేరున్న చోట ధనరాజు తన పేరే రాశాడు. గణపతిరావు దాన్ని కొట్టేసి 'విదేశీ హస్తం' అని దిద్దాడు.

"జైల్లో ఉన్న ఐదుగురి ఫైలు మళ్లీ తెరవాలి సార్. వాళ్లు తాగలేదు."

చీఫ్ గోడ గడియారం వైపు చూశాడు.

"ఐదైంది. రేపు చూద్దాం," అని స్విచ్చులన్నీ ఆపేశాడు.