నాలుగువందల పదమూడో వరుస

రాత్రి పన్నెండు దాటాక ఆ ఆసుపత్రిలో పదకొండో గది వైపు ఎవరూ వెళ్ళరు. నైట్ డ్యూటీ నర్సులు కూడా అటు పనిపడితే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. కింది అంతస్తులో ఎక్స్‌రే విభాగం దాటాక పొడుగాటి వరండా, దాని చివర పాత రికార్డుల గది... అదే పదకొండు. పగలు చూస్తే ఏముందక్కడ? నాలుగు ఇనప బీరువాలు, ఒక బల్ల, బల్ల మీద పాత కంప్యూటరు, పక్కన పసుపెక్కిన ప్రింటరు. కానీ రాత్రి రెండు కొట్టేసరికి...

వార్డులు ఊడ్చే ఆయమ్మ తన చెవులారా విందట. మనిషి జాడ లేని గదిలో ముందు చిన్నగా టిక్‌మని చప్పుడు. తరవాత ప్రింటరు కీచుమంటూ కాగితం లాక్కోవడం. ఆ తరవాత ఠింగ్... ఠింగ్... అని గంట. చివరికి ఒక్క మీట నొక్కిన శబ్దం. ఒక్కటంటే ఒక్కటే. ఆ పైన మళ్ళీ ఏమీ వినపడదు.

"ఆ పిల్లే," అంటుంది ఆయమ్మ గొంతు తగ్గించి. "ఆ కుర్చీలోనే కూర్చునేది. పోయి పది నెలలు కావస్తోంది. ఇంకా పని తీరలేదు పాపం."

ఆ పిల్లంటే అక్కడ పనిచేసిన కంప్యూటర్ ఆపరేటరు. ఇరవై ఏడేళ్ళు. మామూలు జ్వరమే కదా అనుకున్నారు. నాలుగో రోజుకి మనిషి లేదు. పోయింది కూడా అదే ఆసుపత్రిలో, పై అంతస్తులో.

ఆమె స్థానంలోకి ఒక కొత్తమ్మాయి వచ్చింది. దెయ్యాలూ గియ్యాలూ అంటే నవ్వే రకం. సూపరింటెండెంటు పిలిచి, కొత్త యంత్రం వస్తోంది, పాతదాంట్లో పనికొచ్చేవి తీసుకుని శుక్రవారం రాత్రికల్లా ఆపెయ్యి, శనివారం పొద్దున పాత సామాన్ల వాడొస్తాడు అని చెప్పాడు. పగలంతా ఆ యంత్రం మీద స్కాన్లు ఎక్కుతూనే ఉంటాయి కాబట్టి ఫైళ్ళు తీసుకోవాలంటే రాత్రే కూర్చోవాలి. శుక్రవారం దాకా ఆ సంగతే మర్చిపోయి, చివరి రోజు రాత్రి ఫ్లాస్కులో కాఫీ పోసుకుని పదకొండో గదికి బయల్దేరింది.

"ఒక్కదానివేనా? నీకేం పోయేకాలమే!" అంది ఆయమ్మ.

"దెయ్యం కనిపిస్తే పాస్‌వర్డు అడిగొస్తాలే," అంది కొత్తమ్మాయి.

కూర్చుని ఫైళ్ళు తెరిచాక నవ్వు కాస్త తగ్గింది. లోపల ఎన్ని చిన్న చిన్న స్క్రిప్టులో, వాటంతట అవే పనిచేసుకుపోయే బుల్లి ప్రోగ్రాములు! వేలకొద్దీ ఎక్స్‌రే ఫైళ్ళకి పేర్లు సరిచేసేది ఒకటి. ఒకే రోగిని రెండు పేర్లతో ఎక్కిస్తే పట్టేసేది ఇంకొకటి. రక్తం దాచే ఫ్రిజ్ వేడెక్కితే డాక్టరుకి మెసేజ్ పెట్టేది మరొకటి. ఒక్కోటి ఇరవై వరుసలు మించదు. ఎవరికి ఏ చికాకు వచ్చినా కూర్చుని గంటలో తేల్చేసినట్టుంది. ప్రతిదాని నెత్తిన ఒక చీవాటు కూడా ఉంది: "ఫైలు పేర్లలో ఖాళీలు వదలొద్దని ఎన్నిసార్లు మొత్తుకోవాలి? మీ చేతులు పడిపోను." ఇంకోచోట: "దీన్ని కెలికినవాళ్ళే బాగుచేసుకోండి. నన్ను నిద్ర లేపితే ఊరుకోను."

కొత్తమ్మాయికి ఆమె తెగ నచ్చేసింది. బతికుంటే స్నేహం కుదిరేది అనుకుంది. అనుకోగానే ఎందుకో మెడ వెనక చల్లగా తగిలింది.

ఒంటిగంటన్నర... రెండు కావడానికి పది నిమిషాలు... ఐదు...

టిక్.

ఆమె చెయ్యి మీటల మీద లేదు. తెర మీద ఏమీ కదల్లేదు. పక్కన ప్రింటరు మీద పచ్చ దీపం వెలిగింది. కాగితం లోపలికి లాక్కుంది. కీచుమంటూ ఒక వరుస కొట్టి ఆగింది.

వంగి చూస్తే మొదటి మాటలే బయటికి కనిపించాయి.

ఇంకా బతికే ఉన్నావా?

గుండె ఆగినంత పనైంది. కుర్చీ వెనక్కి తోసి బీరువా పక్కన నక్కింది. ఠింగ్... అంది కంప్యూటరు. ఠింగ్... ఠింగ్... బయట వరండాలో ఏదో గలగలమంది. అడుగుల చప్పుడు. దగ్గరికి... ఇంకా దగ్గరికి... తలుపు తెరుచుకుంది.

లోపలికొచ్చిన మనిషి ఆమెను చూడనే లేదు. తిన్నగా బల్ల దగ్గరికొచ్చి, ఏదో నోట్లో వేసుకుని, సీసాలో నీళ్ళు గుటకేసి, చెయ్యి చాచి ఎంటర్ నొక్కాడు. ఒక్కసారే. గంట ఆగిపోయింది.

నైట్ వాచ్‌మన్ పెద్దాయన! మొలకి తాళాల గుత్తి.

"బాబాయ్!" అంది కొత్తమ్మాయి. ఏడుపో కోపమో తెలియని గొంతు. "ప్రాణం పోయిందనుకున్నాను!"

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు తలొంచుకున్నాడు.

కొత్తమ్మాయి ప్రింటరు లోంచి కాగితం పూర్తిగా లాగి మిగతా మాటలు చూసింది: ఉంటే గుండె మాత్ర వేసుకుని ఆ పెద్ద మీట నొక్కు నాన్నా. లేదంటే ఈ గంట ఆగదు, నేనూ ఊరుకోను.

నాన్నా!

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మా అమ్మాయేనమ్మా," అన్నాడు మెల్లగా. "తల్లి లేని పిల్ల. నేనే పెంచాను, కానీ ఆఖరికి అదే నన్ను పెంచింది. రాత్రి డ్యూటీలో మాత్ర మర్చిపోయేవాణ్ణి. రెండుసార్లు గేటు దగ్గరే పడిపోయాను. అప్పుడు ఈ గంట పెట్టింది. రెండింటికి కాగితం వస్తుంది, మాత్ర వేసుకుని మీట నొక్కాలి. అది పోయాక కూడా వస్తూనే ఉందమ్మా. నేను రాకుండా ఎలా ఉంటాను?"

"మరి దెయ్యమని అందరూ..."

"నేనే పుట్టించాను ఆ మాట." ఆయన కళ్ళు ఎత్తలేదు. "జనం తిరుగుతుంటే ఎవరో ఒకరు స్విచ్ తీసేస్తారు కదా. దెయ్యమంటే ఎవరూ రారు."

కన్నకూతుర్ని దెయ్యమని తనే చాటుకోవాల్సి వచ్చిందే అనుకుంది కొత్తమ్మాయి. పొద్దున్నే యంత్రం పట్టుకుపోతారన్న మాట ఎలా చెప్పాలో తోచలేదు. చెప్పింది. ఆయన కాగితం అందుకుని నాలుగు మడతలు పెట్టాడు. జేబులో పెట్టుకోబోయి ఆగాడు.

"ఏం రాసిందమ్మా ఇవాళ?"

"చదవలేదా మీరు?"

"నాకు చదువు రాదు తల్లీ." సిగ్గుతో నవ్వాడు. "దానికి తెలీదు. పేపరు తలకిందులుగా పట్టుకోకుండా బొమ్మ చూసుకునేవాణ్ణి. అంకెలొచ్చు కాబట్టి మార్కులు తగ్గితే తిట్టేవాణ్ణి. నాన్న అన్నీ చదువుతాడనుకుని రోజుకో మాట రాసిపెట్టింది. అన్నీ దాచాను."

బీరువా కింద నుంచి ఒక చెప్పుల పెట్టె లాగాడు. నిండా మడతలు పెట్టిన కాగితాలే.

ఆ రాత్రే కొత్తమ్మాయి ఆ గంట మోగించే స్క్రిప్టు వెతికి పట్టుకుంది. పక్కన రెండు ఫైళ్ళున్నాయి. ఒకదాంట్లో చీవాట్ల లిస్టు, నాలుగువందల పన్నెండు వరుసలు. ఇంకోదాంట్లో ఒకే ఒక్క అంకె, నాలుగువందల తొమ్మిది. రాత్రికో వరుస కొడుతుంది, అంకెకి ఒకటి కలుపుతుంది. లిస్టు అయిపోతే ఏం చెయ్యాలో మాత్రం రాయలేదు ఆ పిల్ల. అంత జాగ్రత్త గల మనిషి అదొక్కటి వదిలేసింది. ఆదివారాలు కూర్చుని ముప్ఫయ్యో నలభయ్యో ముందుగానే రాసి పడేసేది కాబోలు, తిట్లు అయిపోయే రోజొకటి వస్తుందని దానికెందుకు తోస్తుంది?

అంటే ఇంకా మూడు రాత్రులు.

కొత్త యంత్రాన్ని అదే బల్ల మీద పెట్టించింది. స్క్రిప్టునీ రెండు ఫైళ్ళనీ దాంట్లోకి మార్చింది. ప్రింటరు బాగానే ఉంది, ఉండనివ్వండి అని సూపరింటెండెంటుకి చెప్పింది. మూడు రాత్రులూ వచ్చి కూర్చుని పెట్టెలో కాగితాలన్నీ చదివి వినిపించింది.

"మాత్ర చెట్ల తొట్టెలో వేస్తున్నావట, ఆయమ్మ చెప్పింది. మొక్కకి గుండె జబ్బా?" పెద్దాయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "వానలో గొడుగు లేకుండా తిరిగితే నీ పని చెప్తా." తల ఊపాడు. "నేను రేపు లేకపోతే నీకెవరు చెప్తారు ముసలాడా?" ఆ కాగితం దగ్గర మాత్రం ఆయన నవ్వలేదు. ఇంకోసారి చదవమన్నాడు. చదివింది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

లిస్టుని మళ్ళీ మొదటి నుంచి తిప్పుదామంటే కుదరదు, అన్నీ వినేశాడు, కూతురి మాట ఒక్కటీ మర్చిపోయే మనిషి కాదు. కాగితం రాకపోతే మాత్ర మానేస్తాడని ఆమె భయం. తనే నాలుగు మాటలు రాద్దామని పగలు లిస్టు తెరిచింది. నాలుగువందల పన్నెండో వరుస కింద ఖాళీ. ఎంతసేపు కూర్చున్నా చెయ్యి రాలేదు. పోయిన మనిషి గొంతుతో మాట్లాడటానికి తనెవరు? మూసేసింది.

నాలుగో రాత్రి రెండయింది.

టిక్. పచ్చ దీపం. ప్రింటరు కీచుమంది. ఠింగ్... ఠింగ్... పెద్దాయన మాత్ర వేసుకుని మీట నొక్కాడు. కాగితం తీసి ఆమెకిచ్చాడు.

ఇంగ్లీషులో ఒకటే వరుస. ఎర్రర్: 413 దొరకలేదు.

"ఏమంది తల్లీ?"

ఆమె కాగితం వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ ఇటు తిప్పింది.

"ఇందులో అంకె ఉందే," అన్నాడాయన కాగితం మీదికి వంగి. "ఎప్పుడూ ఉండదు."

"అది... తేదీ, బాబాయ్." కళ్ళు కాగితం మీదే పెట్టి, తడబడుతూ చదివింది. "నాన్నా... నువ్వు చాలా మంచివాడివి. నువ్వంటే నాకెంతో ఇష్టం. రోజూ మాత్ర వేసుకుంటున్నందుకు... సంతోషంగా ఉంది."

పెద్దాయన కాగితం వెనక్కి తీసుకున్నాడు. ఆ ఒక్క వరుస మీద వేలితో ఈ చివర నుంచి ఆ చివరికి తడిమాడు. ఎప్పట్లాగే నాలుగు మడతలు పెట్టి పెట్టెలో వేసి మూత పెట్టాడు.

"అయిపోయాయా?" అన్నాడు.

ఆమె తలెత్తలేదు.

"మా అమ్మాయి అలా అనదమ్మా. బతికుండగా ఒక్కరోజూ అనలేదు." తాళాల గుత్తి తీసుకుని లేచాడు. తలుపు దాకా వెళ్ళి, అటు తిరిగే ఉండి, దాదాపు గుసగుసగా అన్నాడు.

"రేపట్నుంచి కాస్త తిట్టు తల్లీ."