రెండో గుంట నీళ్లు

"రాసివ్వండి! నా రొయ్యలు ఎందుకు చచ్చినాయో ఈ కాగితం మీదనే రాసివ్వండి!"

తడిసిన రిపోర్టును నీళ్ల పరీక్ష ల్యాబులో బల్ల మీదికి విసిరికొట్టాడు నరేంద్రబాబు. బయట వాన. అతని జుట్టు నుంచి కారే నీళ్లు రిజిస్టరు మీద పడుతున్నాయి. విడవలూరు దగ్గర అతనికీ, తండ్రి ఓబులేసుకూ రెండు రొయ్యల గుంటలున్నాయి. ఆ తెల్లవారే రెండో గుంటలో రొయ్యలన్నీ చచ్చి తేలాయి. మూడు నెలలు కంటికి రెప్పలా కాచి పెంచినవి, ఇంకో పది రోజుల్లో పట్టాల్సినవి.

ఆ నీళ్లు పరీక్ష చేసింది వినీల. అమ్మోనియా మామూలుగానే ఉందని రాసిందీ ఆమే. రిజిస్టరు తిప్పింది. ఒకే రోజు వచ్చిన రెండు సీసాలు. ఒకదాని అంకె ఇంకొకదానికి వేసింది. విషమెక్కిన నీళ్లు ఇతనివే.

"మేత ఎక్కువేసుంటారు" అన్నాడు ల్యాబు యజమాని సంజీవరావు వెనక నుంచి. "మా రిపోర్టులో తేడా రాదు. ఏమ్మా వినీలా?"

ఊ అంటే చాలు, గండం గడుస్తుంది.

"మేత కాదు సార్." ఆమె గొంతు బొంగురుగా వచ్చింది. "సీసాలు మారిపోయినాయి. తప్పు నాదే."

కొట్లాటకు వచ్చినవాడు అట్లాగే నిలబడిపోయాడు. ఆమె మొహం ఉబ్బి ఉంది. కళ్లు నిద్రతో వాలిపోతున్నాయి. ఇంత నష్టం చేసి, నిద్రొస్తోందా ఈమెకు?

"రేపట్నుంచి రావద్దమ్మా" అన్నాడు సంజీవరావు.

వినీల సంచీ తీసుకుని వానలోకి నడిచింది. కొడవలూరు బస్సు ఆగేచోటు నాలుగడుగుల దూరం కూడా లేదు. కాళ్లకు ఇసుక మూటలు కట్టినట్టుంది. బస్టాపు మెట్టు ఎక్కబోయి కుప్పకూలింది.

వెనకే వస్తున్న నరేంద్ర ఆమెను ఆటోలో నెల్లూరు ఆసుపత్రికి చేర్చాడు. తిట్టుకుంటూనే చేర్చాడు.

"ఐదు దాటకూడని టీఎస్‌హెచ్ వంద దాటింది" అంది డాక్టర్ డెబోరా. "థైరాయిడ్ మాత్రలు ఎప్పుడు మానేసినావు?"

"నాలుగు నెలలైంది."

"ఎందుకు?"

వినీల తల్లి వైపు చూసింది. కబురంది పరుగున వచ్చిన రాఘవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంబంధాలు తప్పిపోతున్నాయనీ, మాత్రలు మింగే పిల్లని ఎవరు చేసుకుంటారనీ ఆమే మాన్పించింది. ఎవరో చెబితే ఏదో పొడి తెచ్చింది. లావెక్కుతున్నావని పొద్దున టిఫిను, రాత్రి అన్నం కూడా తగ్గించింది. వినీల ఆకలితో పడుకునేది, సంబంధాల దిగులుతో మేలుకునేది.

"పొడితో ఇది పోదు. కడుపు మాడ్చుకుంటే అసలే పోదు" డాక్టరమ్మ కోపంగానే చెప్పింది. "వేళకు మంచి తిండి, నిద్ర, కాస్త నడక, ఇవన్నీ మాత్రకు తోడు. మాత్రకు బదులు కాదు. ఇంకొన్నాళ్లు పోనిచ్చుంటే ప్రాణం మీదికి వచ్చేది."

రాఘవమ్మ కూతురి చెవిలో గుసగుసగా అడిగింది. "బయట ఉండే ఆ అబ్బాయికి ఇదంతా తెలిసిందా?"

తెలిసింది. గుమ్మంలోనే ఉన్నాడు.

"ఒంట్లో బాగలేకుంటే సెలవు పెట్టాల్సింది గదా!" అన్నాడు.

"పెట్టాల్సింది" అంది వినీల.

అతను వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయాడు.

నెల తర్వాత ఒక ఉదయం, ఆలస్యంగా రొయ్య పిల్లను వదిలిన మొదటి గుంట గట్టు మీద ఆమె కనిపించింది. చేతిలో నీళ్ల పరీక్ష పెట్టె.

"ఎందుకొచ్చినారు?"

"ఈ గుంటైనా నిలబడాల. రొయ్యలు పట్టేదాకా రోజూ వస్తా. జీతమొద్దు."

"మీ రిపోర్టు నేను నమ్మాలా?"

"నమ్మబాకండి. పక్కన నిలబడి చూడండి."

నిలబడ్డాడు. రోజూ నిలబడ్డాడు. ఆమె అంకె చెబితే తనూ సీసా ఎత్తి వెలుతురులో రంగు సరిచూసేవాడు. ఓబులేసు మాత్రం ఆమెను చూస్తే మొహం తిప్పుకుని ఎండబెట్టిన రెండో గుంట వైపు నడిచేవాడు. ఆ వీపును చూసిన ప్రతిసారీ వినీల సీసా మీద రాసిన గుంట పేరు ఇంకోసారి సరిచూసుకునేది.

"ఏంది, మీ చేతులు వణకతా ఉండాయి?" అందొకరోజు. "రాత్రి తిన్నారా?"

"గుర్తులేదు."

"రొయ్యలకు పూటకు ఇంతని తూకమేసి మేత పెడతారు. మీకెవరు పెడతారు?"

"తూకమేసేంత గొప్పోళ్లం కాదులెండి."

ఆమె టిఫిను డబ్బా తెరిచి, రెండు ఇడ్లీలు మూత మీద పెట్టి జరిపింది. అతను ఒకటి తిని, రెండోదాని వైపు చూశాడు.

"చూపులెందుకు? తినండి."

"ఇడ్లీని చూడలా" అన్నాడు. అని, సీసా కడిగే నెపంతో గబగబా నీళ్లలోకి దిగాడు. వినీల ఆ పూట అమ్మోనియా అంకె రెండుసార్లు చూసుకోవాల్సి వచ్చింది.

ఆ ఆదివారం వినీలను చూసుకునేందుకు పెళ్లివారు వచ్చారు. ఏమీ చెప్పొద్దని రాఘవమ్మ కూతురి గడ్డం పట్టుకుని బతిమాలింది. కాఫీ గ్లాసులు అందించి వినీల వాళ్ల ఎదురుగా కూర్చుంది.

"నాకు థైరాయిడ్ ఉండాది. జన్మంతా మాత్ర వేసుకోవాల."

కాఫీ సగంలో వదిలేసి లేచారు వాళ్లు. రాఘవమ్మ ఏడ్చి ఏడ్చి అలిసిపోయింది. మర్నాడు తెల్లారేసరికి తనే మాత్రా, మంచినీళ్లూ తెచ్చి కూతురి మంచం పక్కన నిలబడింది.

"దాచింది నేను" అంది. "కూలిపోయింది నువ్వు. ఇంక దాచను."

గట్టు మీద ఆమె ఆ సంగతి చెబితే నరేంద్ర చేతిలోని మేత బకెట్టు కింద పెట్టాడు.

"ఆ రోజు మిమ్మల్ని చంపేయాలన్నంత కోపమొచ్చింది" అన్నాడు. "ఆ గుంట చూస్తే ఇప్పటికీ కోపమే. మీరు రాని రోజు మాత్రం... ఈ గట్టు మీద నిలబడబుద్ది కాదు."

"బాగా ఆలోచించుకోండి. ఉన్నట్టుండి నీరసపడతా. విసుక్కుంటా. పిల్లలు కడుపున పడితే డోసు మార్చాల, ఊరికే రక్తం తీయించాల."

"ఇంకా?"

"మీ గుంటను చంపింది నేను." ఆమె ఎండిన రెండో గుంట వైపు చూపించింది. "అదెక్కడికీ పోదు."

"పోదు" అన్నాడతను. "ఉండనీ. ఇద్దరం మోస్తాం."

ఆమె చేతిలోని సీసాను మెల్లగా తీసి గట్టు మీద పెట్టాడు. ఖాళీ అయిన చేతిని మాత్రం వదల్లేదు.

అటుగా వచ్చిన ఓబులేసు ఆ చేతుల్ని చూశాడు. ఇద్దరూ బిగుసుకుపోయారు. ఇన్నాళ్లలో ఆయన ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. రెండో గుంట నెర్రెల వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా, మావాడు చెప్పిన ఆ మాత్ర వేసినాక ఎంతసేపు ఆగాల అన్నం తినేదానికి?"

"గంట ఆగాల మామా" అనేసి వినీల నాలుక కరుచుకుంది.

పెద్దాయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చాలాసేపు సాగింది.

"సరే" అన్నాడు. "అందరం గంటాగే తిందాం."