దోరపెట్టెలో లేని అంకె

“థూ! ఏంటిది, బొగ్గు నమిలినట్టుంది!”

ఋత్విక్ గారు నోట్లో ముక్కను అరచేతిలోకి ఉమ్మేసి చూసుకున్నారు. తాతయ్యలకు ఋత్విక్ అనీ అమ్మమ్మలకు తన్మయి అనీ పేర్లుండే కాలం అది. చేతిలో మిగిలిన ముక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే నలుపు. వార్తలు చూస్తూ భార్య పళ్లెంలోంచి తీసుకున్నారన్నమాట. బల్లకు అటువైపు నుంచి తన్మయి గారు చెయ్యి చాపారు.

“అది నాది. ఇటివ్వండి.”

“రోజూ ఇదా నువ్వు తినేది?”

“పంతొమ్మిదేళ్లుగా మీ ఎదురుగానే తింటున్నాను కదండీ,” అంటూ ఆవిడ ఆయన కొరికిన పక్క తుంచి పారేసి, మిగతాది తినేశారు.

వాళ్ల వంటింట్లో ఉన్నది కాకినాడలో ప్రతి ఇంట్లోనూ ఉండేదే, దోరపెట్టె. పాతకాలపు టోస్టర్లు ఒక పక్క మాడ్చి ఇంకో పక్క తెల్లగా వదిలేసేవని చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. దోరపెట్టె బ్రెడ్డును తనే కోస్తుంది, ముక్కలో తడి కొలుస్తుంది, తీపి ఎంతుందో చూస్తుంది, దాన్నిబట్టి తీగల వేడిని సర్దుకుంటూ పోతుంది. అంచుల్లోనూ నడుమనా ఒకటే రంగు. ఆ రంగుకు ఒకటి నుంచి పది దాకా అంకెలున్నాయి. ఎవరి అంకె వాళ్ల ఇష్టపత్రంలో ఉంటుంది. ఆ పత్రం మనిషి వెంట రైల్లోకీ, ఆస్పత్రిలోకీ, పెళ్లి విందులోకీ వెళ్తుంది. ఋత్విక్ గారిది నాలుగు, చక్కటి తేనెరంగు. తన్మయి గారిది తొమ్మిది. కిందటేడు మోకాలి ఆపరేషనప్పుడు ఆస్పత్రిలో కూడా ఆవిడకు నల్లటి ముక్కలే పెట్టారు. “మా ఆవిడకు అలాగే ఇష్టం,” అని ఈయన నర్సుతో గొప్పగా చెప్పారు కూడా.

ఇప్పుడు కాఫీ తాగినా నోట్లో చేదు పోలేదు.

“నిజం చెప్పు. నీకిది ఇష్టమేనా?”

“అలవాటైపోయిందిలెండి.”

ఇష్టం అనలేదు. ఆ మాట ఆయన్ను రోజంతా పీకింది. సాయంత్రానికి దోరపెట్టెలు చేసే సంస్థకు కబురు పెట్టారు.

గురువారం పొద్దున్న సలోమి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, ఇష్టపత్రాల్లో అంకెలు మార్చే ఇష్టసవరణ అధికారి. దోరపెట్టె కొత్తగా వచ్చినప్పుడు వెంటనే పనిలోకి దిగదు. నలభై రోజులు ఇంటివాళ్లు పాత టోస్టర్‌తో ఏం చేసుకుని ఎలా తింటున్నారో చూసి నేర్చుకుంటుంది. పంతొమ్మిదేళ్ల కిందటి ఆ రోజుల బొమ్మల్ని సలోమి గోడ మీద తెరిచింది.

“చూడండి సార్. నలభై రోజులూ అమ్మగారు మాడిందే తీసుకున్నారండి. ఒక్క రోజూ తప్పలేదు. పెట్టెకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలండి?”

గోడ మీద నడివయసు తన్మయి పాత టోస్టర్‌లో రెండు ముక్కలు వేసింది. దోరగా లేచాయి. అవి ఆయన పళ్లెంలోకి వెళ్లాయి. ఆ వేడి మీదే, మీట తగ్గించే తీరిక లేక, ఇంకో రెండు వేసింది. అప్పటికే తీగలు ఎర్రగా కాలి ఉన్నాయి. అడుగున రాలిన పొడి పొగలు కక్కుతోంది. అంతే సేపటికి ముక్కలు నల్లగా లేచాయి. వాటిని నిలబడే కొరుక్కుంటూ ఆవిడ ఆయన క్యారేజీ కట్టింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఋత్విక్ గారికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

“అది ఇష్టం కాదమ్మా, రెండో వాయి! నేను తిన్నాక తినేది, అంతే.”

“పెట్టెకు వాయిల సంగతి తెలీదండి. ఎవరేం తిన్నారో అదే తెలుసు.” సలోమి పలక తీసింది. “మూడుసార్లు అడుగుతానండి. అమ్మగారే చెప్పాలి. మూడుసార్లూ తేల్చకపోతే పాత అంకే ఖాయం. మళ్లీ ఐదేళ్ల దాకా పత్రం తెరవడానికి వీల్లేదండి. అమ్మా, మీకెలా కావాలండి?”

“ఏదైనా పర్లేదమ్మా. నువ్వు ముందు కాఫీ తాగు.”

“ఒకటయ్యిందండి.”

సలోమి పెట్టె చేత రెండు, నాలుగు, ఆరు అంకెల ముక్కలు చేయించి వరసగా పెట్టింది. ఇల్లంతా కమ్మటి వాసన. “ఇప్పుడు చెప్పండమ్మా.”

తన్మయి గారు ముక్కల వైపు కాదు, భర్త వైపు చూశారు. “ఆయనకేది పెడితే అదే పెట్టమ్మా. ఏదైతేనేం?”

“రెండయ్యిందండి.”

ఋత్విక్ గారు ఉండబట్టలేకపోయారు. “నాలుగని చెప్పు తన్మయీ! నాలుగు బ్రహ్మాండంగా ఉంటుంది!”

“సార్, మీరు చెప్పకూడదండి.”

“చూశావా అమ్మా?” తన్మయి గారి గొంతు ఉన్నట్టుండి గట్టిపడింది. “ఇప్పుడు కూడా ఆయనే చెబుతున్నారు!”

ఋత్విక్ గారు కుర్చీలో కూలబడ్డారు.

“తప్పు నాదే,” అన్నారు. “ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఒక్కసారైనా అడగాల్సింది. అడగలేదు. ఇంక నోరెత్తను. నువ్వే చెప్పు.”

సలోమి మూడోసారి అడిగింది. తన్మయి గారు రెండో అంకె ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు. నాలుగోది తుంచారు. ఆరోది తుంచారు. తీరిగ్గా నమిలి, పళ్లేలన్నీ అవతలికి జరిపేశారు.

“నాకు నచ్చలేదు. ఏదీ నచ్చలేదు. నాకసలు కాల్చిన బ్రెడ్డే ఇష్టం లేదమ్మా.”

“మరి?”

“ఉత్త బ్రెడ్డు. మెత్తగా, పాలల్లో ముంచుకుని. చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గితే మా నాన్న పెట్టేవాడు. ఈ ఇంటికొచ్చాక అందరూ కాల్చుకుంటున్నారని నేనూ కాల్చుకున్నాను.” చెబుతూనే ఆవిడకు కళ్లనీళ్లు తిరిగాయి. తనకే ఆశ్చర్యం వేసి కొంగుతో తుడుచుకున్నారు.

సలోమి పలకంతా వెతికింది. “ఒకటి నుంచే ఉన్నాయండి అంకెలు. సున్నా పెట్టలేదండి. అసలు కాల్చొద్దనేవాళ్లు ఉంటారనుకోలేదండి మా వాళ్లు.” చివరికి తొమ్మిది కొట్టేసి, ఆ గడి ఖాళీగా వదిలి, కాఫీ తాగి వెళ్లింది.

మర్నాడు పొద్దున్న దోరపెట్టె ఒక పళ్లెంలోనే ముక్కలు పెట్టింది. రెండోది ఖాళీగా వచ్చింది. ఋత్విక్ గారు లేచి, పెట్టెలోంచి బ్రెడ్డు బయటికి లాగి, ఎప్పుడూ పట్టని కత్తి పట్టి కోశారు. ఒక ముక్క లావు, ఒకటి పల్చన, ఒకటి వంకర. భార్య ముందు పెట్టి, పాలగిన్నె పొయ్యి మీద పెట్టారు.

“పాలు వేడిగానా, గోరువెచ్చగానా?”

“ఏదై...”

ఆవిడ ఆగిపోయారు. ఆలోచనలో పడ్డారు. బల్ల మీద ఆయన నాలుగో అంకె ముక్కలు చల్లారి గట్టిపడుతున్నాయి. ఆయన గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డారు, తొందరపెట్టలేదు.

“వేడిగా,” అన్నారు తన్మయి గారు. “రెండు చెంచాలు పంచదార. మీగడ తీసెయ్యకండి.”