కుర్చీలోంచి లేవకూడదు

మహమ్మారి వచ్చి కాలేజీకి తాళం పడ్డాక, పరీక్షలు ఇళ్లల్లోకి వచ్చిపడ్డాయి. డేగకళ్ల మాస్టారికి అది మహా కులాసా. పైన ఇస్త్రీ చొక్కా, కింద నలిగిన పైజామా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, క్లాసు క్లాసంతా ఆయన కనుసన్నల్లోనే. ఆయనది ఒకటే రూలు: కుర్చీలోంచి లేస్తే పరీక్ష రద్దు.

పోయినసారి ఒక పిల్ల వెనక మంచం మీద వాళ్ల అమ్మమ్మ జ్వరంతో మూలిగింది.

"తల్లీ, మంచినీళ్లు..."

"సార్, ఒక్క నిమిషం. అమ్మమ్మకి నీళ్లిచ్చి వచ్చేస్తా."

"నాటకాలొద్దు. లేచావో, ఏడాది పోతుంది."

పిల్ల ఏడుస్తూనే రాసింది. పరీక్ష అయ్యేలోపే ముసలావిడ అడగడం మానేసింది. వారం తిరక్కుండా అదే జబ్బు ఆ పిల్లనీ పొట్టన పెట్టుకుంది. మాస్టారు అయ్యో పాపం అన్నాడు. రూలు మాత్రం మార్చలేదు. ఏం గుండెరా నాయనా అది!

ఇవాళ మధ్యాహ్నం మళ్లీ పరీక్ష. పక్కగదిలో మాస్టారి తల్లికీ జ్వరం. తలుపులు మూసిన ఇంట్లో మందుల వాసన, మాసిన దుప్పటి వాసన. వీధిలో చడీచప్పుడూ లేదు. తెర మీద పిల్లలంతా తలొంచుకుని రాస్తున్నారు. ఒక్క పిల్ల రాయడం లేదు. సూటిగా ఆయన్నే చూస్తోంది.

ఆ పిల్లే. వెనక అదే మంచం. ఖాళీగా...

"నాన్నా... మంచినీళ్లు..." పక్కగదిలోంచి తల్లి పిలిచింది.

మాస్టారు లేవబోయాడు. లేవలేకపోయాడు. వెనకనుంచి ఎవరో భుజాలు నొక్కి పట్టారు. చల్లటి వేళ్లు... ముడతలు పడ్డ వేళ్లు...

"లేవకండి సార్," తెరమీది పిల్ల గుసగుసగా అంది.

"నీకు దణ్ణం పెడతానమ్మా! మా అమ్మ చచ్చిపోతుంది!"

"నాటకాలొద్దు సార్."

"గొంతెండిపోతోంది రా... నాన్నా..."

తల్లి గొంతు సన్నబడింది. ఇంకా సన్నబడింది. పిల్ల రెప్ప వెయ్యకుండా వింటోంది. ఆ గొంతు ఆగిపోయింది.

"టైమైపోయింది. ఇక లేవచ్చు సార్."

భుజాల మీద బరువు పోయింది. మాస్టారు పరుగెత్తాడు. తల్లి నోరు తెరుచుకునే ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది. ఆయన గుండెలు బాదుకుని ఏడ్చాడు. ఆ ఏడుపుతోనే వెనక్కొచ్చి కంప్యూటర్ తీగ పీకి పారేశాడు.

తెర నల్లబడింది. అందులోంచి...

"నాన్నా... మంచినీళ్లు..."

అమ్మ గొంతే. మాస్టారు గ్లాసు నింపుకొచ్చి తెర ముందు నిలబడ్డాడు. ఎక్కడ పోయాలో తెలియలేదు. ఆయన చూస్తుండగానే గ్లాసులో నీళ్లు తగ్గాయి... అడుగంటాయి...

"ఇంకా..." అంది అమ్మ.