లుపేని అడగని ప్రశ్న

శనివారం ఉదయం. సమోవా రాజధాని ఆపియాలో ఒక ఇంట్లో పొయ్యిమీద కోకో కాగుతోంది. మెలే ముసలమ్మ కొబ్బరిపాలలో ఉడికించిన టారో దుంపలు వడ్డిస్తుంటే, కూతురు సెఫినా ఆక్లండ్ నుంచి వచ్చిన ఫొటోలను బల్లమీద పరిచింది.

సెఫినా ఒకప్పుడు సిడ్నీలో పేరున్న మోడల్. కడుపుతో ఉందని తెలిసిన వారమే పని పోయింది. పసిబిడ్డతో పుట్టింటికి వచ్చి, వెనకగదిలో ఒక్క మిషను పెట్టుకుని, ఊళ్ళో ఆడవాళ్ళు పొడుగు జాకెట్టూ పావడా జతగా వేసుకునే పులెటాసిలు కుట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆమె దగ్గర నలభైమంది పనిచేస్తున్నారు. వచ్చే నెల ఆక్లండ్‌లో కొత్త దుకాణం తెరుస్తోంది. దాని గోడలకి పెట్టడానికి, సన్నటి మోడళ్ళకి ఆమె బట్టలు తొడిగి తీసినవే ఈ ఫొటోలు. ఎంత లావుపాటి మనిషికైనా ఆమె బట్టలు హాయిగా అమరతాయని పేరు.

ఆ అమరికంతా కూతురు లుపే ఒంటిమీద కుదిరిందే. ఇరవయ్యేళ్ళ లుపే భారీ మనిషి. ప్రతి కొత్తరకాన్నీ ముందు ఆమెకే తొడిగి సరిచేసేవారు.

మెలే ఫొటోలకేసి చూసి, "పాపం, ఈ పిల్లలకి ఇంట్లో ఎవరూ తిండి పెట్టరుటే?" అంది.

లుపే నవ్వలేదు. "ఇది నామీద కత్తిరించింది. వదులు కనబడకుండా ఈ అమ్మాయికి వెనకనుంచి పిన్నులు పెట్టి బిగించారు."

"ఫొటోల్లో అది మామూలేనే."

"కొలతలకి నేను, గోడమీదకి వీళ్ళూనా? నన్ను చూపించుకోడానికి నీకు సిగ్గా అమ్మా?"

"నోటికొచ్చినట్టు మాట్లాడకు!"

"మరి పత్రికలవాళ్ళొస్తే నన్ను లోపలికెందుకు పంపేస్తావు? నావల్లే నీ పని పోయిందిగా, ఆ కోపం ఇంకా తీరలేదేమో!"

"లుపే!" మెలే చేతిలో గరిటె ఆగిపోయింది.

సెఫినా కుర్చీలో కూలబడింది. "పదిహేడేళ్ళప్పుడు నలుగురు నాచుట్టూ నిలబడి నా నడుం గురించి మాట్లాడుకునేవాళ్ళు, నేనక్కడ లేనట్టే. ఆకలితో కళ్ళు తిరిగి పడిపోయేదాన్ని. నువ్వు పుట్టినరోజే అనుకున్నానే, నా బిడ్డకి ఆ గతి పట్టకూడదని. అందుకే దాచాను. సిగ్గుపడి కాదు."

లుపే కళ్ళు నిండాయి. అయినా వెనక్కి తగ్గలేదు. "నన్ను మాత్రం గంటలకొద్దీ నిలబెట్టి, నువ్వూ నీ దర్జీలూ 'చేతులు లావు, నడుం దగ్గర వదులుంచండి' అనుకుంటారు. నేనూ అక్కడ లేనట్టేగా! నీకేం కావాలే అని ఒక్కసారైనా అడిగావా?"

సెఫినాకు అప్పుడే తెలిసొచ్చింది. ఎవరినుంచి బిడ్డను కాపాడాననుకుందో, ఇన్నాళ్ళూ తనూ వాళ్ళలాగే చేసింది. లేచి వెళ్ళి కూతురి చేతులు పట్టుకుంది.

"తప్పయిపోయిందే తల్లీ. ఇప్పుడడుగుతున్నా. ఫొటో తీయించుకుంటావా?"

"నాకు ఫొటోలంటేనే పడదు." లుపే ముక్కు తుడుచుకుంది. "కత్తెర ఇయ్యి. కూర్చుంటే ఎక్కడ ఒత్తుకుంటుందో, చెయ్యెత్తితే ఎక్కడ లాగుతుందో నాకు తెలిసినట్టు మీకెవరికీ తెలీదు. ఫొటోలకి మనుషుల్ని కూడా నేనే చూస్తా."

"వాళ్ళకోసం వెతకడం దేనికీ? నేనున్నాగా," అంది మెలే. ఏడుస్తున్న ఇద్దరూ నవ్వేశారు.

సెఫినా ఆ ఫొటోలు వద్దని ఆక్లండ్‌కు కబురు పంపింది. సోమవారం లుపే మొదటి పులెటాసి కత్తిరించి తల్లికే తొడిగింది. భుజం దగ్గర సర్దుతూ, "ఇక్కడ బిగుతుగా ఉందా అమ్మా?" అని అడిగింది.

ఇన్నేళ్ళలో ఎన్ని వందల బట్టలు తొడుక్కుందో సెఫినాకు లెక్కలేదు. ఆ మాట ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"కొంచెం ఉందే," అంది, కళ్ళు తుడుచుకుంటూ.