నల్లరంగు తొట్టికి నూటెనిమిది నిమ్మకాయలు

ఎమ్మిగనూరు దాటి ఆదోని రోడ్డు పట్టినాక, రెండో కిలోమీటరు రాయి దగ్గర, ఎడమచేతి పక్క ఒక పాత రంగుల కార్ఖానా ఉంది. మగ్గాలకు పోయే నూలుకు ఒకప్పుడు అక్కడ రంగు అద్దేవాళ్లు. దాని వెనక గచ్చు చేసిన తొట్టి ఒకటి. పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, తొమ్మిది లోతు. ఎనిమిదివందల అరవైనాలుగు ఘనపుటడుగులు.

ఆ కాస్త చోట్లో ఐదేండ్లలో నలుగురు చచ్చినారు.

పొద్దు వాలినాక ఆ పక్కకు ఎవరూ పోరు. ఆటోవాళ్లు కూడా ఆ గేటు వచ్చేసరికి పాట ఆపేసి, దాటినాక మళ్లీ పెడతారు.

అందులో ఉండేది రక్తం తాగే దెయ్యం కాదంట. కొట్టే దెయ్యం. నిలబడినోన్ని నిలబడినట్టే... ఒక్క దెబ్బ. అరుపు కూడా ఉండదు.

మొదట పోయింది పుష్ప అనే కూలీ. నలుపు అద్దిన తొట్టి కడగాలని పైనుంచి యాసిడ్ కుమ్మరించి, కాసేపాగి చీపురు పట్టుకుని దిగింది. దిగింది దిగినట్టే పడింది. ఎత్తుకొద్దామని మొగుడు దిగినాడు — పడినాడు. వాళ్లిద్దరి కోసం ఇంకో కూలీ దిగినాడు — పడినాడు. ఐదు నిమిషాల్లో ముగ్గురు. పైకి తీసినప్పుడు పుష్ప కాలి వెండి మెట్టెలు బొగ్గు మాదిరి నల్లగా ఉన్నాయి.

నాలుగోవాడు కాపలా మనిషి. మరుసటేడు అమావాస్యకు, పుష్పకు శాంతి అని నిమ్మకాయలు కోసి తొట్టిలో వేసినాడు. టార్చిలైటు జారి లోపల పడింది. తెచ్చుకుందామని దిగినాడు. వాని వెండి మొలతాడూ నల్లగానే దొరికింది.

వెండిని మాడ్చేది దెయ్యం కాక ఇంకేముంటాది?

దానికొక గుర్తు కూడా చెప్తారు. అది లేచినప్పుడు మురిగిన కోడిగుడ్డు వాసన వస్తాది. వాసన వచ్చిందంటే అది వచ్చినట్టు. వాసన పోయిందంటే అది పోయినట్టు. ఇది ఊరి లెక్క.

పోయిన మహాలయ అమావాస్య నాడు ఆ లెక్క ఎట్లా తప్పిందో చెప్తాను.

* * *

కార్ఖానా చోటే సాబ్‌ది. ఐదేండ్లు తాళం వేసి పెట్టినాడు. కొడుకు రఫీక్ మళ్లీ తెరుస్తానని పట్టుబట్టినాడు. ముసలాయన ముందు దర్గాలో తాయెత్తు కట్టించినాడు. అయినా గుండె నిలవక, హాలహర్వి దాకా పేరున్న మల్లన్నను పిలిపించినాడు. పట్టిన దెయ్యాన్ని వదిలించడంలో మల్లన్నకు మించినోడు లేడని ఈ పక్క మాట.

మల్లన్న పద్ధతి చెప్పినాడు. నూటెనిమిది నిమ్మకాయలు కోసి, కుంకుమద్ది తొట్టిలో వేయాల. వాసన లేస్తాది. భయపడొద్దు. వాసన పోయినాక అది నీరసపడినట్టు. అప్పుడు ఆ ఇంటి కొడుకు దిగి, అడుగు గోడకు ఇనుప మేకు కొట్టాల. ఫోన్లన్నీ ఆపాల. గుసగుస తప్ప గొంతెత్తకూడదు.

"ఇంకొక మాటప్పా," అన్నాడంట రఫీక్‌తో. "నువ్వు దిగేటప్పుడు అది నీవాళ్ల గొంతుతో పిలుస్తాది. తల తిప్పినావా... అంతే."

రఫీక్ చెల్లెలు సనా. నిమ్మకాయల నుంచి మేకు దాకా ఆ పద్ధతంతా ఇంట్లో విని ఉంది. ఆదోనిలో డిగ్రీ మొదటి సంవత్సరం, కెమిస్ట్రీ. ఆ అమావాస్య బుధవారం వచ్చింది. బుధవారం మధ్యాహ్నం ఆమె బ్యాచ్‌కు ల్యాబు.

ల్యాబులో పాండురంగ సారు. మంత్రాలయం పక్క మనిషి. పొద్దున పూజ, మధ్యాహ్నం యాసిడ్. పరీక్షనాళికను కూడా ఉద్ధరిణె మాదిరి రెండు వేళ్లతో పట్టుకుంటాడని పిల్లలు నవ్వుతారు. ఆయన ఇచ్చిన తెలియని లవణంలో ఏముందో కనిపెట్టాల.

సనా చిటికెడు లవణం మీద సజల ఆమ్లం నాలుగు చుక్కలు వేసింది. బుసబుస పొంగింది. మురిగిన కోడిగుడ్డు వాసన. లెడ్ ఎసిటేట్ అద్దిన కాగితం మూతి దగ్గర పెడితే... నిగనిగ నల్లబడింది.

"సల్ఫైడ్, సార్!"

"కరెక్టు. ముక్కు పెట్టి పీల్చొద్దమ్మా. చేత్తో విసురుకో."

"ఇప్పుడు వాసన లేదు సార్. పోయింది."

"వాసన యాడికి పోలేదు. నీ ముక్కు పోయింది." సారు కిటికీ బార్లా తెరిచినాడు. "బయటికి పోయి గాలి పీల్చిరా ముందు. ఈ గ్యాసు ముక్కును చంపి, తర్వాత మనిషిని చంపుతాది. వాసన ఉన్నంతసేపు పరిగెత్తే టైముంది. వాసన పోయిందంటే అది నీ మీద ఉన్నట్టు."

సనా వరండాలోకి పోయి తిరిగొచ్చింది. వేలికున్న వెండి ఉంగరం వైపు చూసుకుంది. అంచు నల్లగా మసకబారింది.

"సార్... రంగుల కార్ఖానాలో ఇది ఉంటాదా?"

"నలుపు అద్దే చోట సోడియం సల్ఫైడ్ వాడతారు. దాని మీద యాసిడ్ పడకుంటే భయం లేదు."

"నిమ్మరసం యాసిడేనా సార్?"

సారు నవ్వినాడు. "నిన్ను ఇంటర్లో ఎవరమ్మా పాస్ చేసింది..."

ఆమె ముఖం చూసి నవ్వు ఆపేసినాడు.

* * *

అన్నకు పదకొండుసార్లు ఫోన్ చేసింది. ఆపేసి ఉంది. అబ్బాకు ఏడుసార్లు. అదీ అంతే. ఆదోని బస్టాండులో కదులుతున్న బస్సు ఎక్కింది. బస్సులో కండక్టర్ చేయి పట్టుకుని, "అన్నా, ఆ కార్ఖానా దగ్గర ఆపన్నా" అంటే, ఆయన రెండడుగులు వెనక్కి జరిగినాడు.

"అమావాస్య పూట ఆడ దిగుతావా తల్లీ?"

దిగింది. చీకటి పడింది. గేటు లోపల, నూరడుగుల దూరంలో, ఒకే ఒక నూనె దీపం.

అక్కడ... అన్నీ పద్ధతి ప్రకారమే జరుగుతున్నాయి. మల్లన్న కూతురు తొట్టి గట్టున గొంతుక్కూచ్చోని కాయలు కోస్తాంది, లెక్కబెడతాంది. "నూటా ఆరు... నూటా ఏడు... నూటెనిమిది." చెక్కలు నల్ల బురదలో పడతాంటే చిన్న చప్పుడు. తప్... తప్...

వాసన లేచింది. చోటే సాబ్, రఫీక్, తోడొచ్చిన నలుగురైదుగురు మగోళ్లు, అందరూ తువాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"వచ్చింది," అన్నాడు మల్లన్న.

కదలకుండా నిలబడినారు. రెండు నిమిషాలు. నాలుగు. ఒకరు తువాలు తీసినారు. ఇంకొకరు తీసినారు.

"పోయిందిరా..." చోటే సాబ్ గుసగుసలో ఏడుపుంది. "యా అల్లా, పోయింది."

రఫీక్ సుత్తి, మేకు తీసుకుని నిచ్చెన మీద కాలు పెట్టినాడు.

"భయ్యా! దిగొద్దు!"

చీకట్లోనుంచి సనా అరుపు.

"తల తిప్పొద్దు," అన్నాడు మల్లన్న. "అది పిలుస్తాంది."

"భయ్యా, గ్యాసు! నిమ్మకాయలతో లేచింది! వాసన పోలేదు, మీ ముక్కులు పోయినాయి!"

మల్లన్న కూతురు తల ఎత్తింది. నోరు తెరిచింది. మూసుకుంది.

రఫీక్ తల తిప్పలేదు. చీకట్లో చిన్నగా నవ్వినట్టు అనిపించిందంట. దిగినాడు. బురద కదిలిన చప్పుడు. మేకు మీద సుత్తి దెబ్బ — టణ్.

రెండో దెబ్బ వినపడలేదు.

మనిషి పడిన చప్పుడు మాత్రం వినపడింది.

"బేటా!" చోటే సాబ్ నిచ్చెన మీదికి ఉరికినాడు.

సనా అప్పటికి తొట్టి దగ్గరికి వచ్చేసింది. గట్టున నూలు తిప్పే వెదురు కట్టె ఒకటి పడి ఉంది. ఎత్తింది. తండ్రి మోకాలి మీద బలమంతా పెట్టి కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. ముసలాయన గట్టు మీదే కూలబడినాడు. లేవబోతే ఇంకొకటి — బుజం మీద.

"పట్టింది! పిల్లకు పట్టింది!"

ఇద్దరు మగోళ్లు ఆమె జుట్టు పట్టి వెనక్కి ఈడ్చినారు. ఒకడు చెప్పు తీసి ముఖం మీద కొట్టినాడు. ఇంకొకడు వేపమండలతో వీపు మీద. పెదవి చిట్లింది. ఆమె ఒకని చెయ్యి కండ ఊడేదాకా కొరికింది. "ఎవరూ దిగొద్దు! దిగితే చస్తారు!" అని రక్తం ఉమ్ముతా అరిచింది. అరిచేకొద్దీ ఇంకా కొట్టినారు. దెయ్యం అదే మాట అంటాది మరి.

"దాన్ని పట్టుకోండి. నేనుండగా పిల్లోనికి ఏమీ కాదు," అన్నాడు మల్లన్న.

ధైర్యం ఉన్న మనిషి. పంచె ఎగ్గట్టి దిగినాడు. నాలుగో మెట్టు దాకా కనపడినాడు. తర్వాత చేతులు వదిలేసినాడు... ఎవరో గొడ్డలితో నరికిన చెట్టు మాదిరి.

పట్టుకున్నోళ్ల చేతులు సడలినాయి. పరిగెత్తగలిగినోళ్లందరూ గేటు వైపు పరిగెత్తినారు. సనా కాక, ఇంకొక్కరు తప్ప.

ఉడికే నూలును పైకి తీసే కొక్కెం కర్ర గోడకు ఆనించి ఉంది. పదడుగులది. సనా ఊపిరి బిగబట్టి, గట్టు మీద బోర్లా పడుకుని, దాన్ని కిందికి దించింది. అన్న చొక్కాకు వేసింది. చొక్కా చిరిగింది. మళ్లీ వేసింది. ఈసారి కొక్కెం చంక కింద కండలోకి దిగింది. లాగింది. కర్ర రెండో కొసను మల్లన్న కూతురు పట్టుకుంది. నలభై లెక్కపెట్టేలోపల పక్కకు పోయి ఊపిరి తీసుకోవడం, మళ్లీ వచ్చి లాగడం. మూడుసార్లు. రఫీక్ పైకి వచ్చేసరికి బుజం నుంచి మోచేతి దాకా చీలి ఉంది. కానీ గాలి తగిలినాక... ఎక్కిళ్లు పెట్టినట్టు ఒక ఊపిరి. ఇంకొకటి.

మల్లన్న బరువు మనిషి. కొక్కెం రెండుసార్లు జారింది. మూడోసారి పైకి వచ్చినాడు. ఊపిరి రాలేదు. చేతి వెండి కడియం నల్లగా ఉంది.

ఐదోవాడు.

* * *

రఫీక్ బతికినాడు. ఎడమ చెయ్యి పైకి లేవదు. చోటే సాబ్ ఆస్పత్రిలో మంచం మీద కాలు కట్టు చూపించి వచ్చినోళ్లందరికీ చెప్పినాడు: "కైరుప్పల పిడకల పోట్లాట చూడనీకి ముప్పై ఏండ్లు పోయినా. ఒక్క దెబ్బ తగల్లేదు. నా బిడ్డ చూడప్పా, ఒక్క దెబ్బకు పడేసింది. అల్లా దాని చెయ్యి సల్లగుండా."

ఊరు మాత్రం, దెయ్యం తొట్టిలోనుంచి సనాలోకి మారిందంటాది. ఆమె ఎక్కితే బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటాది.

ఇంతవరకూ విన్నట్టే చెప్పినాను. ల్యాబులో, బస్సులో జరిగింది సనా చెప్పింది, అది విన్నదే.

తొట్టి దగ్గరిది విన్నది కాదు.

మల్లన్న మా నాయన. నూటెనిమిది కాయలు కోసింది నేను.

సనాది, నాది ఒకటే క్లాసు. మా బ్యాచ్‌కు సోమవారం ల్యాబు. సల్ఫైడ్ ప్రయోగం నాకు రెండు రోజుల ముందే అయిపోయింది. ఇరవైకి ఇరవై. రికార్డు ముప్పైనాలుగో పేజీలో, "వాసన పోయినచో ప్రమాదము ఎక్కువ" అని రాసి, కింద ఎర్ర ఇంకుతో గీత. నేను గీసిన గీతే. సనా గేటు దగ్గర అరిచినప్పుడు ఆ పేజీ నా కండ్ల ముందుకు వచ్చింది. నోరు తెరిచినాను. గొంతెత్తొద్దని నాయన చెప్పినాడు కదా అని... మూసుకున్నాను.

ఆస్పత్రి బెంచీ మీద లెక్క కట్టినాను. ఆ తొట్టిలో మనిషిని చంపే గ్యాసు లేవనీకి నూటెనిమిది అక్కర్లేదు. సగం చాలు.

"నీకు తట్టలేదు శ్వేతా, అంతే," అంటాది సనా.

"తట్టకుంటే ఇరవైకి ఇరవై ఎట్లొచ్చినాయి?"



పోయిన సోమవారం పాండురంగ సారు మళ్లీ అదే లవణం తీసినాడు, రాబోయే పరీక్షకని. రెండు బ్యాచులనూ కలిపి నిలబెట్టినాడు. నాలుగు చుక్కల ఆమ్లం. బుసబుస. ల్యాబు మొత్తం ఛీ అంటూ ముక్కులు మూసుకుంది. సనా నా చెయ్యి పట్టుకుని, "వెనక్కి రా శ్వేతా! ఎంత కంపు, చూడు," అంది.

నేను విసురుకున్నాను. గట్టిగా పీల్చినాను. ఇంకోసారి పీల్చినాను.

నాకు ఏ వాసనా రాలేదు.